నెత్తురు చెప్పిన మాట

గోనెపట్టా తీసి పక్కన పడేసి, హుసేనప్ప తడి ఆకును దోసిళ్లతో ఎత్తి ఒళ్లో వేసుకున్నాడు. ముందురోజు నీళ్లు చిలకరించి కప్పిపెట్టిన పొగాకు తెల్లారేసరికి తోలులాగా మెత్తబడుతుంది. ఎండు ఆకు ముట్టుకుంటే పొడైపోతుంది కాబట్టి, ఇలా పదును పట్టాకే దాన్ని విప్పి, సాపు చేసి, రకాలు చూసి కట్టలు కడతారు. ఒక్కో ఆకునూ తొడ మీద పరిచి ఈనె వెంబడి అరచేత్తో పైనుంచి కిందికి నిమరాలి. ముడతలు పోవాలి, ఆకు చినగకూడదు. లుంగీ మోకాళ్ల పైకి ఎగగట్టుకున్నా తడుస్తూనే ఉంటుంది. తొడల మీదుగా గోధుమరంగు నీళ్లు కారి మడమల దగ్గర ఆరిపోతాయి. అరచేతులకు పట్టిన నల్లటి జిగురు సాయంత్రం చింతపండు పిప్పితో ఎంత రుద్దినా సగమే పోతుంది.

ఇది ఆడవాళ్ల పని. ఆళ్లగడ్డ ఊరి చివర రుద్రవరం రోడ్డులో ఉన్న ఆ గోడౌన్లో హుసేనప్ప పెళ్లయిన ఏటి నుంచీ బేళ్లు మోశాడు. వీపు మీద బేలు, నోట్లో బీడీ, అదీ అతని ఆకారం. ఊళ్లో హుసేనప్పలు ఇంకా ఉన్నారు కాబట్టి గుర్తుకోసం ఇతన్ని బీడీ హుసేనప్ప అనేవాళ్లు. ఈ ఎండాకాలం నుంచి కాలు సహకరించక మేస్త్రి ఓబులేసును అడిగి కూర్చునే పనికి మారాడు. ఓబులేసు గొణిగాడు గానీ కాదనలేదు.

"ఏం హుసేనప్పా, మా పనికొచ్చి కూసుంటివి. రేపు జడ గూడా ఏసుకుంటావా?" అంది ఎదురుగా కూర్చున్న లింగమ్మ. ఆమె ఈ మాట రోజూ అంటుంది.

"జడెయ్యను ఎంటికలు యాడుండాయి మ్మా నాకు," అన్నాడు హుసేనప్ప. అతనూ రోజూ ఇదే అంటాడు. వరసలో కూర్చున్న ఆడవాళ్లు కొత్తగా విన్నట్టే నవ్వారు.

హుసేనప్ప గురించి ఊరు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఎవరితోనూ కొట్లాడలేదు, ఎవరికీ గొప్ప ఉపకారమూ చెయ్యలేదు. కూతురు అస్మాను ప్యాపిలిలో పరుపుల పని చేసే కుర్రాడికిచ్చి చేశాడు. ఓట్లప్పుడు ఓటేశాడు, పీర్ల పండుగకు నిప్పుల గుండం తవ్వే చోట చెయ్యేశాడు. మేస్త్రి కావాలని ఎన్నడూ అనుకోలేదు, ఎవరూ చెయ్యనూ లేదు. ఇంతకాలం అతను చేసిన ఒకే ఒక్క పెద్ద పని, బీడీ మానెయ్యడం. గోడౌను వాళ్లను వదిలేస్తే ఆ పనిని ఇద్దరే నమ్మారు. ఒకడు హుసేనప్ప, రెండో అతను బీడీలమ్మే బంకు పెట్టుకున్న ఇమామ్. నష్టం వచ్చింది ఇమామ్‌కే కాబట్టి అతనికి నమ్మక తప్పలేదు.

నమ్మాల్సిన మనిషి మాత్రం నమ్మలేదు. భార్య జాన్‌బీకి కారణం లేకపోలేదు. అస్మా చిన్నపిల్లగా ఉన్నప్పుడు కూడా హుసేనప్ప ఒకసారి బీడీ మానేశానన్నాడు. జాన్‌బీ మురిసిపోయి, ఇరుగుపొరుగుకు చెప్పుకుని, పీర్లకు చక్కెర చదివించింది. ఏడాది పాటు అతను గోడౌన్లో తాగి, ఇంటికొచ్చే ముందు వేపాకు నమిలి వచ్చాడు. ఆ సంగతి పీర్ల చావిడి ముందే పదిమందిలో బయటపడింది. చదివించిన చక్కెర సంగతే ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు.

ఈసారి సంగతి వేరు. చలికాలంలో కుడికాలి చిటికెన వేలు నేరేడుపండు రంగుకు తిరిగింది. నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసి, ఎక్కడున్నా అక్కడ నిలబడిపోయేవాడు. నంద్యాలలో డాక్టరు చూసి, కాలికి నెత్తురు తీసుకుపోయే నరం పూడిపోయిందని, బీడీలే దానికి కారణమని, ఇంకో నరం అతికించకపోతే కాలు తీసెయ్యాల్సి వస్తుందని చెప్పాడు. బీడీ మానితేనే ఆపరేషన్ అన్నాడు. హుసేనప్ప రంజాన్ ఉపవాసాలకు పగలు మానాడు. మొదటి రోజు ఉపవాసం విడిచాక జేబులోంచి బీడీ తీసి, కాసేపు చూసి, బంకు ముందు కాలవలో పడేశాడు. ఇంటికెళ్లి జాన్‌బీ తలమీద చెయ్యిపెట్టి ఒట్టేశాడు.

"చూస్తాం లే," అంది జాన్‌బీ.

చూడటమంటే వాసన చూడటం. కానీ పొగాకు గోడౌన్లో పనిచేసేవాడి నోరేం, చొక్కా ఏం, చెమటేం, అంతా పొగాకే. ఆమె ముక్కు ఓడిపోయింది. ఆ పరిస్థితిలో డాక్టరు నెత్తురు పరీక్ష మాట చెప్పేసరికి ఆమెకు కొండంత ధైర్యం వచ్చింది. బీడీ తాగినవాడి ఒంట్లో పొగాకు విషం అరిగి, కొటినిన్ అనేదిగా మారి, కొన్ని రోజులపాటు నెత్తురులో తిరుగుతుందట. అది ఎంత ఉందో చూస్తే తాగాడా లేదా తెలిసిపోతుందట.

"నీ నోరు అబద్దం చెప్తాది గానీ నెత్తురు చెప్పదు," అంది అప్పుడు.

మొదటి పరీక్షలో కొటినిన్ కనబడింది. పాతది మిగిలి ఉంటుందేమోనని జాన్‌బీ సగం నమ్మింది, సగం ఆపుకుంది. పోయిన వారం రెండోసారి నెత్తురిచ్చి వచ్చారు. ఆ సంగతి ఈరోజు తేలుతుంది. కాలు ఉంటుందా పోతుందా అన్నది డాక్టరు చూసుకుంటాడు. హుసేనప్పకు కావాల్సింది ఇంకోటి. ఆ కాగితం చూసి డాక్టరు ఈ మనిషి బీడీ తాగడం లేదని అనాలి, ఆ మాట జాన్‌బీ చెవిన పడాలి.

భోజనాల వేళకు లేచి, చేతులు రుద్దుకుని, మేస్త్రికి చెప్పి బయటపడ్డాడు. బస్టాండులో జాన్‌బీ ముందే వచ్చి కూర్చుని ఉంది. చేతిసంచిలో డబ్బాకు బొరుగుల ఉగ్గాని కట్టుకొచ్చింది.

నంద్యాల బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఆడవాళ్లకు ఇప్పుడు ఛార్జీ లేదు కాబట్టి కండక్టరు ఆమె చేతిలో సున్నా టికెట్టు పెట్టాడు. జాన్‌బీ ఇంకా దానికి అలవాటు పడలేదు, పోలీసులు అడుగుతారేమోనన్నట్టు దాన్ని కొంగున ముడేసుకుంది. శిరివెళ్ళ దగ్గర డబ్బా మూత తీసి అతని ముందు పెట్టింది.

"తిను. ఈపొద్దు మంచిమాటే చెప్తాడు లే," అంది. ఎన్నాళ్ల తర్వాతో ఆమె గొంతులో మెత్తదనం వినిపించి, హుసేనప్ప మిరపకాయలు కూడా ఏరకుండా తినేశాడు.

ఆస్పత్రిలో వంతు వచ్చేసరికి ఎండ వాలింది. డాక్టరు చిన్నవాడు, విసుక్కునే రకం కాదు. ముందు కాలు చూశాడు. వేలు నొక్కి, పాదం మీద నాడి కోసం చాలాసేపు వెతికాడు. తర్వాత కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"బీడీ మానేసినావా పెద్దాయనా?"

"మానేసినా సార్. రంజాన్ నుంచి ముట్టలే."

"గుట్కా, నశ్యం, ఖైనీ ఏమన్నా?"

"ఏమీ లేవు సార్."

"ఇంట్లో ఇంకెవరన్నా తాగుతారా?"

"మేమిద్దరమే సార్ ఉండేది," అంది జాన్‌బీ.

డాక్టరు కాగితం మళ్లీ చూశాడు. "ఏం పని చేస్తావు నువ్వు?"

హుసేనప్ప నోరు తెరిచాడు. "కూలి పనికి పోతాడు సార్," అని జాన్‌బీయే చెప్పేసింది.

మొదటిసారి వచ్చినప్పుడే ఆమె దారిలో అతనికి గట్టిగా చెప్పింది, పొగాకు గోడౌనన్న మాట డాక్టరు ముందు ఎత్తొద్దని. పొగాకు మధ్య బతికేవాడు బీడీ మానేశానంటే ఏ డాక్టరు నమ్ముతాడు, పేరు వినగానే వెనక్కి పంపేస్తాడని ఆమె భయం. హుసేనప్పకూ అది సబబే అనిపించింది. అబద్ధమూ కాదు కదా, ఎవరడిగినా ఎప్పుడూ చెప్పేది కూలి పననే. ఏం కూలి అని ఎవరడుగుతారు.

డాక్టరూ అడగలేదు. "పోయినసారి కంటే ఇప్పుడు ఎక్కువొచ్చింది పెద్దాయనా," అన్నాడు మెల్లగా. "నిన్ను తిట్టడానికి కాదు నేనుండేది. ఇట్లా తాగుతా ఉంటే, నేనేసే కొత్త నరం గూడా నాలుగు నెలల్లో మూసకపోతుంది. అప్పుడు మోకాలి పైకి తియ్యాల. నిజంగా మానేసి రెండు నెలలకు రా. ఆపరేషన్ అప్పుడే. మందులు మాత్రం ఆపొద్దు."

తిట్టినా బాగుండేదని హుసేనప్పకు అనిపించింది.

వరండాలోకి వచ్చాక జాన్‌బీ ఆగింది. చుట్టూ మనుషులున్నారని గొంతు పెంచలేదు.

"నా నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టేస్తివే."

"నేను తాగలేదే."

"మరి నెత్తుర్లోకి యాడనుంచి వచ్చింది? పోయినసారికంటే ఎక్కువంట. మబ్బులోనుంచి పడిందా?"

నిద్రలో గానీ లేచిపోయి తాగుతున్నానా అని కూడా ఒక్క క్షణం హుసేనప్పకు అనుమానం వచ్చింది. తన నెత్తురే తన మీద చాడీలు చెబుతుంటే మనిషి ఎవరితో మొరపెట్టుకోవాలి? తల దించుకుని మందుల చీటీ మడత పెట్టుకున్నాడు. ఆ తల దించుకోవడాన్ని జాన్‌బీ ఒప్పుకోలు కింద తీసుకుంది.

"మందులు తీసుకోనిరా. నేను బస్టాండుకు పోతాండా," అని తల మీద కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. ఆమె ఏడుస్తోందని నడకను బట్టి అతనికి తెలుసు.

మందుల కొట్టు ముందు వరసలో నిలబడి ఉండగా వాణి వచ్చింది. పోయిన వారం అతని చేతిలోంచి నెత్తురు తీసింది ఈ అమ్మాయే. డ్యూటీ మధ్యలో టీకి వచ్చినట్టుంది. మందుల కవరు అందుకుంటున్న అతని అరచేయి చూసి, "ఏంది అప్పా ఆ నలుపు? మెకానిక్కు పని చేస్తావా?" అంది.

"కాదు మ్మా. కూలి."

"ఏం కూలి?"

హుసేనప్ప చుట్టూ చూశాడు. జాన్‌బీ లేదు. ఇంక దాచి ఏం లాభం అనుకున్నాడు.

"పొగాకు గోడౌన్లో మ్మా. ఆకు సాపు చేస్తా."

వాణి టీ గ్లాసు పక్కన పెట్టింది. "తడి ఆకా? ఉత్త చేతుల్తోనేనా?"

"చేతుల్తోనే. ఒళ్లో పెట్టుకోని."

"ఈ పని ఎప్పట్నుంచి?"

"ముందు బేళ్లు మోస్తాంటి. మొన్న ఎండాకాలం నుంచి ఈ పనిలో కూసున్నా. రోజంతా తడే."

"అయ్యో అప్పా," అంది వాణి. వాళ్లది రుద్రవరం దగ్గర పల్లె. మంచు కురిసిన తెల్లవారుజామున పచ్చి పొగాకు విరవడానికి వెళ్లి వచ్చినప్పుడల్లా వాళ్లమ్మ వాంతులు చేసుకుని మూలన పడిపోయేది. దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేవాళ్లు. ఈ చదువుకు వచ్చాకే ఆమెకు తెలిసింది, తడి ఆకులోని రసం చర్మంలోంచే ఒంట్లోకి దిగుతుందని. అదే అతనికి చెప్పింది. నోటితో తాగినా, చర్మంతో తాగినా నెత్తురులో మిగిలేది ఒకటేనని, అది ఎటునుంచి వచ్చిందో ఈ పరీక్షకు తెలియదని చెప్పింది.

హుసేనప్పకు అంతా అర్థం కాలేదు. అర్థమైనంతవరకు పట్టుకుని అడిగాడు. "అంటే, నేను బీడీ తాగలేదంటే నువ్వు నమ్ముతావా మ్మా?"

"నమ్ముతా అప్పా."

అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోబోయి చేతులు పొగాకు చేతులని గుర్తొచ్చి, భుజంతో తుడుచుకున్నాడు.

వాణి లోపలికి వెళ్లి ఒక జత రబ్బరు గ్లౌజులు తెచ్చి అతని చొక్కా జేబులో కుక్కింది. "వారం పదిదినాలు పనికి పోవద్దు. మళ్లా పోయినప్పుడు ఇవి తొడుక్కో. సార్‌కు నేను చెప్తా. పదిదినాలకు వచ్చి ఇంకోసారి నెత్తురియ్యి, అప్పుడు తేలిపోతాది," అని అతని ఫోన్ నంబరు అడిగి తీసుకుంది.

"మా ఆడమనిషికి చెప్పల్ల మ్మా ఈ మాట," అన్నాడు హుసేనప్ప. అప్పటికే కదిలాడు.

దారిలో పిక్క రెండుసార్లు పట్టేసింది. ఆగి, గోడ పట్టుకుని, మళ్లీ నడిచాడు. బస్టాండుకు చేరేసరికి ఆళ్లగడ్డ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ముందు సీట్లన్నీ ఆడవాళ్లతో నిండిపోయాయి. జాన్‌బీ కిటికీ పక్కన కూర్చుని అటు తిరిగి ఉంది.

"ఏమే," అని పిలిచాడు వెనక తలుపు దగ్గర నుంచి. ఆమె తిరగలేదు. వినలేదో, వినదలుచుకోలేదో. అంతమంది ఆడవాళ్ల తలల మీదుగా బీడీల గొడవ అరిచి చెప్పడానికి అతనికి సిగ్గేసింది. ఎంత, గంటసేపు. దిగాక చెప్పొచ్చు.

చివరి వరసలో కిటికీ పక్కన చోటు దొరికింది. కండక్టరు దగ్గర టికెట్టు తీసుకుని జేబులో పెట్టుకుంటుంటే గ్లౌజులు చేతికి తగిలాయి. ఎలా మొదలుపెట్టాలో ఆలోచించుకున్నాడు. ముందు గ్లౌజులు చూపించాలా, ముందు సంగతి చెప్పాలా? ఏది ముందు చెప్పినా జాన్‌బీ మొదట తిడుతుంది. తిట్టి, మళ్లీ మొదటినుంచి చెప్పమంటుంది. రెండోసారి చెప్పేటప్పుడు నెమ్మదిగా వింటుంది. ఆ తర్వాత ఇంటికెళ్లే దారిలో బహుశా ఇమామ్ బంకు ముందు ఆగి, గట్టిగా అందరికీ వినబడేటట్టు ఏదో ఒకటి అంటుంది. ఆ మాట ఏమై ఉంటుందా అని తలుచుకుంటే అతనికి నవ్వొచ్చింది.

శిరివెళ్ళ దాటాక రొమ్ములో బరువుగా అనిపించింది. ఉగ్గానిలో మిరపకాయలు ఏరకుండా తిన్నందుకే అనుకున్నాడు. చెమటలు పోశాయి. పై గుండీ విప్పుకుని కిటికీ ఊచకు తల ఆనించాడు. బయట చేలు దున్ని ఉన్నాయి, నల్లటి మట్టి వాన కోసం చూస్తోంది. గాలి చల్లగా తగిలింది. కళ్లు మూసుకున్నాడు.

ఆళ్లగడ్డలో జాన్‌బీ ముందు తలుపు నుంచి దిగింది. కాసేపు నిలబడింది. వెనక తలుపు నుంచి దిగినవాళ్లలో అతను కనబడలేదు. ఆమె చూపు తిన్నగా మరుగుదొడ్ల గోడ వైపు వెళ్లింది. మగవాళ్లు బస్సు దిగగానే బీడీ ముట్టించేది ఆ గోడ చాటునే. దిగీదిగగానే దానికి పోయాడన్నమాట అనుకుంది. కాళ్లు అటు నడిపించాయి. గోడ వెనక ఇద్దరు ముగ్గురు పొగ వదులుతున్నారు, అతను లేడు. ఇంకెక్కడ దాక్కున్నాడోనని టీ కొట్టు వెనక కూడా తొంగి చూసింది. ఒళ్లు మండిపోతోంది ఆమెకు. అప్పుడు కండక్టరు కేక వినబడింది.

"ఈ పెద్దాయన తాలూకు ఎవురన్నా ఉండారా? లేపుతాంటే ల్యావడం లే."

మరునాడు మగవాళ్లు ఆఖరి స్నానం చేయించి, జేబులోవన్నీ చొక్కాలోనే చుట్టి ఆమె చేతికిచ్చారు. ఆ మూట విప్పుతున్నప్పుడు బీడీకట్టా అగ్గిపెట్టె ఉంటాయనే అనుకుంది జాన్‌బీ. ఫోను, బస్సు టికెట్టు, రబ్బరు గ్లౌజులు ఉన్నాయి. గ్లౌజులు ఎందుకో తెలియలేదు. ఆస్పత్రి వస్తువేదో పొరబాటున వచ్చిందనుకుని గూట్లో పెట్టింది.

పరామర్శకు వచ్చిన లింగమ్మ, "ఒక్క బీడీ ముట్టలే గదక్కా. మావాళ్లు ముట్టిస్తే లేచి అవతలికి పోతాండె," అని ఏడ్చింది. పోయినవాడి గురించి అందరూ మంచే చెబుతారని జాన్‌బీ తలూపింది. ఆమె లోపల కోపం కోపంగానే ఉంది. ఇన్నేళ్లు కాపురం చేసి, చివరికి ఒట్టేసి కూడా నాకంటే బీడీయే ఎక్కువని పోయాడు.

కొన్నాళ్లకు హుసేనప్ప ఫోన్ మోగింది.

"నంద్యాల ఆస్పత్రి నుంచి వాణిని. హుసేనప్ప ఇంకా రాలేదేం మ్మా? పదిదినాలు దాటిపాయ."

"ఆయప్ప ల్యాడు మ్మా," అంది జాన్‌బీ. ఎప్పుడు, ఎలాగన్నది చెప్పింది.

"అయ్యో అమ్మా," అంది వాణి. తర్వాత మందుల కొట్టు ముందు తాను అతనికి చెప్పిందంతా మళ్లీ చెప్పింది. తడి ఆకు సంగతి, చర్మం సంగతి, గ్లౌజుల సంగతి. సార్‌కు కూడా చెప్పానని, ఈసారి పరీక్షలో తగ్గితే ఆపరేషన్ చేస్తానన్నాడని చెప్పింది.

"నాతో ఒక్క మాట చెప్పలేదు మ్మా," అంది జాన్‌బీ.

"నీకు చెప్పల్లనే పోయినాడమ్మా. కాలు నొప్పి గూడా చూసుకోలే." అంది వాణి. "పొగాకు పనని మొదట్నే చెప్పింటే సార్ అప్పుడే కనుక్కునేవాడు. ఈడేమో కూలి పనని చెప్పినారంట."

"అవును మ్మా," అంది జాన్‌బీ. "చెప్పింది నేనే."

ఫోన్ కింద పెట్టింది. అతను పోయిన రోజు ఏడ్చిన ఏడుపు వేరు. ఆ రోజు తోడుగా కోపమన్నా ఉంది. బీడీలే తిన్నాయి మనిషిని, నా మాట వినలేదు అని తిట్టుకుంటూ ఏడ్చింది. ఇప్పుడు తిట్టుకోవడానికి ఎవరూ మిగల్లేదు. అతను తన మాట విన్నాడు. బీడీ మానమంటే మానాడు, గోడౌను పేరు ఎత్తొద్దంటే ఎత్తలేదు. ఆఖరికి బస్సులో ఒకసారి పిలిచాడు. ఆ పిలుపు ఆమెకు వినబడింది.

లేచి గూటి దగ్గరికి వెళ్లింది. గ్లౌజులు రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, లోపల చల్లిన తెల్లపొడి కూడా రాలకుండా, ఇంకా విప్పుకోని వేళ్లతో.